పళ్ళపొడి వారింట్లో పేస్టు గొట్టం

"ఏటే ఇది?"

జగ్గమ్మ చెయ్యి పైకెత్తి పట్టుకుంది. ఆ చేతిలో ఉన్నది పామూ కాదు, తేలూ కాదు. టూత్‌పేస్టు గొట్టం. సగానికి పైగా వాడేసి, తోక చుట్టిపెట్టి ఉంది.

"నిన్నేనే అడుగుతన్నాను. బియ్యం డబ్బాలో ఇదేటి సేస్తన్నాది?"

సుహాసిని మాట్లాడలేదు. మాట్లాడాలంటే నోరు తెరవాలి. తెరిస్తే పుష్యమాసం చలిగాలి పళ్ళకి తగులుతుంది. తగిలిందంటే ముందు పళ్ళ దగ్గర జివ్వుమని మొదలై చెవి దాకా లాగేస్తుంది. తొమ్మిది రోజులుగా ఇదే వరస. అందుకని పెదాలు బిగించి, పొయ్యి మీద ఉప్మా కలుపుతూ నిలబడింది.

కోడలు ఉలకదు పలకదు. జగ్గమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"ఒలమ్మో! నలబై ఏళ్ళయినాది నాను పళ్ళపొడి నూరడం మొదలెట్టి. ఈ గుమ్మంలోకి పేస్టన్నది ఒక్కనాడు అడుగెట్టనేదు. నా మొగుడు ముచ్చటపడి తెచ్చుకుంటే, ఎల్లి రోడ్డు మీద తోముకోమన్నాను. అలాటిది నా అన్న కూతురివి, నా కోడలివి, నువ్వు తెచ్చి బియ్యంలో దాస్తావా?"

అరసవల్లిలో జగ్గమ్మ పళ్ళపొడి తెలియనివాళ్ళు లేరు. గుడికెళ్ళే దారిలో, లాడ్జీల వరసలో, ముందు షాపు, వెనక ఇల్లు. నరసన్నపేట మిల్లుల నుంచి ఊక బూడిద వస్తుంది. నౌపడ ఉప్పుమళ్ళ నుంచి, అంటే సుహాసిని పుట్టింటి నుంచి, ఉప్పు వస్తుంది. అందులో లవంగం, కరక్కాయ, పటిక కలిపి జగ్గమ్మ దగ్గరుండి నూరిస్తుంది. పేకెట్టు మీద బొమ్మ కూడా ఆవిడదే. పాతికేళ్ళ కిందటిది, నిండుగా నవ్వుతూ.

ఆవిడ కేకకి షాపులో పొడి కొంటున్న ఇద్దరు ఆడవాళ్ళు మెడలు చాచి లోపలికి చూశారు. మోహనకృష్ణ గబగబా వచ్చి మధ్య తలుపు మూశాడు.

"అమ్మా, నెమ్మది. బేరాలున్నాయి."

"ఉండనీ! పళ్ళపొడోలింట్లో పేస్టు దొరికినాదని ఊరంతా సెప్పుకోనీ! ఒరే మోహనా, నీ పెళ్ళాన్నడుగు. నా పొడి ఏటి పాపం సేసినాదో అడుగు!"

మోహనకృష్ణ పెళ్ళాన్ని అడగలేదు. ఊరికే చూశాడు. నోరు మెదపకు అని ఆ చూపుకి అర్థం. పంతొమ్మిదేళ్ళ కాపురంలో సుహాసినికి ఆ చూపు కొత్త కాదు.

అసలు సంగతి ఆ ముగ్గురిలో ఇద్దరికే తెలుసు. సూర్యనారాయణ గుడికి జనం విరగబడే రథసప్తమికి కొత్త పేకెట్టు దింపాలని మోహనకృష్ణ ఆశ. అమ్మ బొమ్మ పాతబడిపోయింది, నీ నవ్వు వేస్తానన్నాడు. సుహాసిని పళ్ళు అందరి పళ్ళలాగే కాస్త పసుపుగా ఉండేవి. కిందటి బుధవారం సింహాచలం బంధువులింటికని చెప్పి, శ్రీకాకుళం ఏడురోడ్ల దగ్గర పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టాడు. ఒక్క పూటలో మల్లెమొగ్గల్లా చేసి పంపించింది డాక్టరమ్మ. సాయంత్రానికి ఫొటో తీయించాడు. ఇంటికొచ్చి తల్లితో ఏమన్నాడయ్యా అంటే, "కొత్త జల్లెడ పట్టిన పొడమ్మా ఇది, దీని పళ్ళు చూడు" అన్నాడు.

జగ్గమ్మ నమ్మింది. నమ్మడమేమిటి, పొంగిపోయింది. బేరానికొచ్చిన ప్రతి మనిషి ముందూ కోడలి గడ్డం పట్టుకుని లాక్కొచ్చి, "సూడండమ్మా, నా కోడలి పళ్ళు! నా పొడే!" అని చూపించడం మొదలుపెట్టింది. నోట్లో పోటు, బయట ఈ ప్రదర్శన. సుహాసినికి కోపమొస్తే పళ్ళు నూరుకోడానికి కూడా లేకుండా పోయింది.

"సెప్తావా సెప్పవా?" జగ్గమ్మ గొట్టాన్ని కోడలి మొహం దగ్గర ఆడించింది.

"పళ్ళు లాగుతున్నాయి అత్తా." సుహాసిని పెదాల చాటు నుంచి అంది.

"లాగితే నాకు సెప్పాలి! ఇంకాస్త ఉప్పేసి గట్టిగా తోమితే సిగుళ్ళు బిగుస్తాయి."

"తోమాను. మొన్న నువ్వు చెప్పినట్టే ఉప్పేసి తోమాను. ఇంకా ఎక్కువయింది."

"నా పొడితోనా ఎక్కువయినాది? నా పొడితో?" జగ్గమ్మ గొంతు పగిలింది. "నీ తాత తోమినాడు, నీ అయ్య తోమినాడు. ఈ మాయదారి గొట్టం తెచ్చి నోట్లో ఎట్టుకుంటే లాగవేటి మరి?"

అంటూనే విసురుగా వీధి కిటికీ దగ్గరకెళ్ళి గొట్టాన్ని బయటికి గిరాటేసింది. అది సరిగ్గా రోడ్డు మధ్యన పడింది. గుడి వైపు పోతున్న ఆటో ఒకటి దాని మీద నుంచి పోయింది. జగ్గమ్మ పళ్ళపొడి షాపు ముందు తారురోడ్డు మీద తెల్లటి పేస్టు బారెడు పొడుగున పరుచుకుంది.



జగ్గమ్మ పొయ్యి గట్టు మీద చెంబు అందుకుని రెండు గుక్కలు వేన్నీళ్ళు తాగింది. ఎండాకాలమైనా ఆవిడ గొంతులోకి వేన్నీళ్ళే దిగుతాయి. వాతం అంటుంది. ఆ చెంబు చల్లారితే ఇంట్లో అందరికీ తిట్లే.

తరవాత పెరట్లోకి నడిచింది. నూతి పక్కన రాతి పలక మీద కూర్చుని, పొడి డబ్బా మూత తీసింది. ఆ ఇంట్లో అదొక పద్ధతి. రోజూ పొద్దున్న లేచిన వాళ్ళు లేచినట్టు వచ్చి అరచెయ్యి చాపాలి. జగ్గమ్మ తన చేత్తో పొడి వేస్తుంది. ఆవిడ కళ్ళ ముందే తోముకోవాలి. వేలు నల్లబడిందా లేదా చూసి గాని వదలదు.

"రా. ఇంకోపాలి తోము. నా ముందర."

సుహాసిని మొగుడి వైపు చూసింది. చెప్పు బావా, ఇప్పుడైనా చెప్పు అని.

"తోమెయ్యవే. ఒక్క నిమిషం," అన్నాడు మోహనకృష్ణ.

తోమింది. వేలు చిగుళ్ళకి తగిలిన చోటల్లా ప్రాణం లేచొచ్చింది. కళ్ళ నీళ్ళు కారి గడ్డం మీద బూడిదలో కలిశాయి. జగ్గమ్మ వేలు చూసి, తలాడించి, లేచి షాపులోకి వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళీ వెళ్ళగానే సుహాసిని తిరగబడింది.

"నీకు మనసన్నది ఉందా బావా? పొడి ముట్టుకోవద్దని డాక్టరమ్మ నీ ముందే కదా చెప్పింది! రోజూ పొద్దున్న నోట్లో బూడిద కొట్టించుకుని, చాటుగా పేస్టు పూసుకుంటూ, దొంగదానిలాగ బతుకుతున్నాను!"

"అరవకు. రేపు వీడియో తీస్తే అయిపోతుంది."

"అత్తకి నిజం చెప్పు."

"చెప్తే ఏటవుద్దో తెలుసా నీకు? కవర్లు అచ్చయిపోయాయి. రెండు వేలు. అన్నిటి మీదా నీ నోరే." మోహనకృష్ణ గొంతు తగ్గించాడు. "అమ్మ నమ్మితేనే జనం నమ్ముతారు. షాపులో అమ్మ నోరు పడిపోతే పొడెవడు కొంటాడు? ఒక్క రోజు ఓర్చుకో."

"ఓర్చుకోవాల్సింది నా నోరు కదా! నీదైతే తెలిసేది."

మోహనకృష్ణ తలుపు తీసుకుని షాపులోకి పోయాడు. ఆ పోవడంలో తలుపు ధడేల్మంది. ఆ చప్పుడు కూడా సుహాసిని పళ్ళకి తగిలింది.

* * *

మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి ఏడురోడ్లకి వెళ్ళింది.

డాక్టర్ శ్రావణికి ముప్పై నిండలేదు. మొహం చూస్తే కాలేజీ పిల్లలా ఉంటుంది. ప్రశ్నలడిగేటప్పుడు మాత్రం హెడ్మిస్ట్రెస్సే.

"నాలుగు రోజుల్లో తగ్గాలి. తొమ్మిదో రోజు ఇలా చెంప పట్టుకుని వచ్చారేంటి? చెప్పినవన్నీ చేస్తున్నారా?"

"చేస్తున్నానండీ."

"మెత్తటి బ్రష్షేనా?"

"అదేనండీ."

"పేస్టు రెండు పూటలా వాడుతున్నారా? పడుకోబోయే ముందు వేలితో పళ్ళ మీద పూసి, కాసేపు అలా వదిలేసి, ఉమ్మేసి ఊరుకోమన్నాను. నీళ్ళు పోసి పుక్కిలించడం లేదు కదా?"

"లేదండీ."

"పులుపు?"

"చింతపండు పులుసు ముట్టలేదండీ. నీళ్ళు కూడా గోరువెచ్చగానే తాగుతున్నాను. మొదటి రెండు రోజులు పసుపు వేసిన కూర కూడా తినలేదు."

"మరెందుకు తగ్గదు?" డాక్టరమ్మ లైటు దించి, చిన్న అద్దం నోట్లో పెట్టి చూసింది. దూది తీసి చిగురు అంచున మెల్లగా తుడిచింది.

దూది బూడిదరంగుకి తిరిగింది.

డాక్టరమ్మ దూదిని లైటు కింద పెట్టి చూసింది. మళ్ళీ సుహాసిని మొహం చూసింది.

"ఇదేంటండీ?"

సుహాసిని కళ్ళు దించుకుంది.

"పొడేనా? పొడి జోలికి పోవద్దని ఒకటికి పదిసార్లు చెప్పానే! మీకు నా మాటంటే లెక్క లేదా, మీ పళ్ళంటే లెక్క లేదా?"

"మా ఇంట్లో కుదరదండీ."

"ఎందుకు కుదరదు? ఎవరైనా చెయ్యి పట్టుకుని తోమిస్తారా?"

"తోమిస్తారండీ. మాది... జగ్గమ్మ పళ్ళపొడండీ. అరసవల్లి."

డాక్టరమ్మ చేతిలో అద్దం ట్రేలో పడేసింది.

"మీవారు పూజాసామాన్ల షాపన్నారే!"

సుహాసినికి సిగ్గుతో చచ్చినంత పనయింది. ఆ మనిషి ఇక్కడ కూడా అబద్ధమే ఆడాడన్నమాట.

డాక్టరమ్మ చేతి అద్దం ఒకటి తీసి సుహాసినికి ఇచ్చింది. పెదవి పైకి లాగి, పన్ను చిగురులో కలిసే చోట వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ చూడండి. ఈ గీత. గోరు పెడితే తగులుతుంది. పక్క పన్నుకీ ఉంది, దాని పక్కదానికీ ఉంది. ఇవి పుట్టుకతో వచ్చినవి కావు. ఊక బూడిదలో సన్న ఇసకలాంటి గరుకుంటుంది. దానికి ఉప్పు తోడు. వేలేసి రుద్దీ రుద్దీ పై పెచ్చు అరిగిపోయింది. ఎన్నేళ్ళ నుంచి తోముతున్నారు?"

"పెళ్ళయినప్పటి నుంచి. పంతొమ్మిదేళ్ళు. పుట్టింట్లో కూడా మా అత్త పంపిన పొడేనండీ."

"ఈ అరిగిన చోట నుంచే తెల్లబరిచే మందు లోపలికి దిగి అంత పోటు పెట్టింది. దాని మీద రోజూ మళ్ళీ బూడిద! ఎలా తగ్గుతుంది? నేను ఆ రోజే మీవారికి చెప్పాను. ముందు ఈ గాట్లు పూడుద్దాం, రెండు వారాలాగి అప్పుడు తెల్లబరుద్దామని. టైము లేదండీ, ఇవాళే చేసెయ్యండి అన్నారు."

"నాకు చెప్పలేదండీ." సుహాసిని అద్దం దించింది. "అంతా బావుందట, డాక్టరమ్మ చెప్పింది అన్నారు."

ఈసారి శ్రావణి గొంతులో కోపం వేరే వైపు తిరిగింది.

"పళ్ళు మీవైతే నేను ఆయనకి చెప్పి ఊరుకున్నాను. ఆయన తొందరకి ఒప్పుకున్నాను కూడా. అది నా తప్పు. ఇంకోసారి చెయ్యను."

ఆ తరవాత మందు పూత ఏదో పళ్ళకి పూసింది. ఇవాళంతా గట్టివి నమలొద్దంది. కొత్త పేస్టు గొట్టం చేతిలో పెట్టింది.

"రెండు వారాలు. పొడి తాకకుండా ఉంటే ఈ పోటు తగ్గుతుంది. గాట్లు ఆ తరవాత పూడుద్దాం. కానీ ఒకటి తెలుసుకోండి. పోటు తగ్గుతుంది గాని అరిగిన పన్ను మళ్ళీ మొలవదు."

సుహాసిని గొట్టాన్ని కొంగులో ముడేసుకుని లేచింది.

"అన్నట్టు, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా? చల్లనీళ్ళు తాగలేని వాళ్ళు, పులుపు తినలేని వాళ్ళు? చాలామంది వాతం అనుకుని ఊరుకుంటారు."

"ఎవరూ లేరండీ," అనేసింది సుహాసిని.

మెట్లు దిగింది. ఆటో ఎక్కింది. ఆటో డే అండ్ నైట్ జంక్షన్ దాటి అరసవల్లి రోడ్డెక్కేసరికి పొయ్యి గట్టు మీద అత్త వేన్నీళ్ళ చెంబు గుర్తొచ్చింది.

"ఆపాలేటమ్మా ఇక్కడ?" అన్నాడు ఆటో అతను.

"ఎందుకు?"

"మీరే కదమ్మా, ఓలమ్మా అని అరిసినారు."

* * *

శుక్రవారం పొద్దున్న పెరట్లో హడావిడి అంతా ఇంతా కాదు. ఫొటో స్టూడియో యుగంధర్ మూడు కాళ్ళ స్టాండు మీద కెమెరా బిగించాడు. రాతి పలక కడిగి ముగ్గేశారు. జగ్గమ్మ జరీ అంచు చీర కట్టుకుని, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకుని, పొడి డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన పెట్టెలో కొత్త పేకెట్లు. ప్రతి పేకెట్టు మీదా సుహాసిని, పెదాలు విచ్చుకుని నవ్వుతూ.

రాత్రి నూతిలో తోడి మంచులో ఉంచిన నీళ్ళు చెంబు నిండా పెట్టారు. చెంబు పైన చెమట పట్టింది.

"చూడు, చాలా సులువు," అన్నాడు మోహనకృష్ణ. "నువ్వొచ్చి చెయ్యి చాపు. అమ్మ పొడేస్తాది. తోముకో. ఆ నీళ్ళతో పుక్కిలించు. కెమెరా వైపు తిరిగి నవ్వి, 'మా అత్త ఇచ్చిన పొడి, నా నవ్వుకి ఇదొక్కటే కారణం' అని చెప్పు. అంతే."

"నూతి నీళ్ళతోనా?"

"వేన్నీళ్ళైతే పొగలొస్తాయి. బావోదు."

సుహాసిని వాడి మొహం చూసింది. ఇరవై ఏళ్ళ నాడు నౌపడ స్టేషనులో, బండి దిగి, మావయ్యా అంటూ తన నాన్న చేతి సంచి అందుకున్న బావ మొహమే. ఆ మొహంలోంచి ఆ మనిషి ఎప్పుడు పోయాడో తనకి తెలియలేదు.

"రెడీ," అన్నాడు యుగంధర్. కెమెరా మీద ఎర్ర లైటు వెలిగింది.

సుహాసిని నడిచి వచ్చి చెయ్యి చాపింది. జగ్గమ్మ డబ్బాలోంచి చిటికెడు కాదు, గుప్పెడు తీసి అరచేతిలో పోసింది. నిన్నటి కోపం ఇంకా దిగలేదు ఆవిడకి.

"తోము."

సుహాసిని కదల్లేదు.

"తోమవే. ఆ కెమెరాలో సూస్తన్నారు."

"తోమను."

అరచెయ్యి తిరగేసింది. పొడంతా ముగ్గు మీద పడింది.

మోహనకృష్ణ ఒక్క అంగలో ముందుకొచ్చాడు.

"ఏటే నీకు పిచ్చా? యుగంధర్, ఆపు! ఆపెయ్!"

యుగంధర్ చెయ్యి కెమెరా మీదకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. పాపం, ఎవరి మాట వినాలో అతనికి తెలియలేదు.

"అత్తా, నా పళ్ళు తెల్లబడింది నీ పొడితో కాదు." అంది సుహాసిని. చలిగాలి పళ్ళకి తగిలి లాగుతోంది. అయినా ఆగలేదు. "కిందటి బుధవారం సింహాచలం వెళ్ళలేదు మేము. బావ నన్ను పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మందు పెట్టించి తెల్లగా చేయించాడు. కొత్త జల్లెడా లేదు, కొత్త పొడీ లేదు. తొమ్మిది రోజులుగా నువ్వు నా గడ్డం పట్టుకుని చూపించిన ప్రతి మనిషికీ అబద్ధం చూపించావు. నీకు తెలీదు. నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను, నా తప్పది."

"ఒరే మోహనా." జగ్గమ్మ గొంతు మెల్లగా వచ్చింది. "ఇదేటంటన్నాది?"

మోహనకృష్ణ ముగ్గు వైపు చూశాడు.

"నిన్నేరా! నిజమేనేటి?"

"వ్యాపారం కోసమే గదమ్మా..."

జగ్గమ్మ లేచి కొడుకు దవడ మీద ఒక్కటి కొట్టింది. నలభై రెండేళ్ళ మనిషిని, పక్కింటి మేడ మీద బట్టలారేసుకుంటున్న ఆడవాళ్ళు చూస్తుండగా.

"నలబై ఏళ్ళురా! తక్కువ తూసినానేటి ఎవరికైనా? కల్తీ సేసినానేటి? నాతోటి అబద్ధం ఆడించినావు. నా నోటితోటి!" కోడలి వైపు తిరిగింది. అదే ఊపు, అదే కోపం. "నువ్వు మాత్రం! దొంగ పళ్ళు ఎట్టుకుని నా ఎదర తొమ్మిది రోజులు తిరిగినావు. సరే. డాక్టరు తెల్లబరిస్తే తెల్లబరిసినాడు. నా పొడినేటి అంటావు? పొడిని నేలపాలు సేస్తావా? నా పొడేటి సేసినాదే నిన్ను?"

"నా పళ్ళు అరగ్గొట్టింది."

"అబద్ధం!"

"డాక్టరమ్మ అద్దంలో చూపించింది అత్తా. చిగురు దగ్గర గాట్లు. గోరు పెడితే తగులుతున్నాయి. ఊక బూడిద గిన్నెల మసి వదలగొడుతుంది, పన్నుని కూడా వదలగొడుతుంది. నువ్వు కావాలని చెయ్యలేదు. మంచిదనుకునే చేశావు. అయినా అరిగింది."

"అబద్ధం! నాను తోమడం నేదేటి? నా పళ్ళు సూడు! ఒక్కటి ఊడనేదు. నాకెప్పుడైనా లాగినాయేటి?"

సుహాసిని వంగి, చెమట పట్టిన ఆ చెంబు రెండు చేతులతో ఎత్తింది. అత్త ముందు పట్టుకుంది.

"అయితే తాగు."

జగ్గమ్మ చెంబు వైపు చూసింది.

"ఒక్క గుక్క, అత్తా. ఈ నూతి నీళ్ళు. నోట్లో పోసుకుని పుక్కిలించి మింగు. నువ్వు మింగితే ఇప్పుడే, ఈ కెమెరా ముందే, గుప్పెడు పొడి తోముతాను. బావ ఏది చెప్పమంటే అది చెప్తాను. ఇంకెప్పుడూ నోరెత్తను."

"నాకు వాతం."

"వాతం మోకాళ్ళకి కదా ఉంటాది. పళ్ళకేటి? మామిడికాయ పప్పు తిని ఎన్నేళ్ళయింది నువ్వు? చద్దన్నం? మా నాన్న తాటి ముంజలు పంపిస్తే ప్రతి ఏడూ ఎవరికి పంచిపెడుతున్నావు?"

"నాకిష్టం నేదు."

"నీకు ప్రాణం అవంటే. నాన్న చెప్పేవాడు. చిన్నప్పుడు తనకి పెట్టకుండా తినేసేదానివని."

మోహనకృష్ణ చెంప పట్టుకునే నిలబడి ఉన్నాడు. "అమ్మా, దాని మాటలకేటి గాని, నువ్వు తాగెయ్యి. ఒక్క గుక్కే గదా," అన్నాడు.

జగ్గమ్మ కొడుకు వైపు చూసింది. చాలాసేపు చూసింది. కోడలి చేతిలోంచి చెంబు లాక్కుంది. పైకెత్తింది. చెంబు అంచు పెదవికి తగిలింది. ఆవిడ గొంతు ముందే మింగినట్టు ఒకసారి కదిలింది. కళ్ళు గట్టిగా మూసుకుంది, దెబ్బ పడబోయే పిల్లలాగ.

చెంబు పెదవి దగ్గరే ఆగిపోయింది.

పక్కింటి మేడ మీద ఎవరూ బట్టలారెయ్యడం లేదు. చెంబు లోంచి కాసిని నీళ్ళు తొణికి జరీ అంచు మీద పడ్డాయి.

జగ్గమ్మ కళ్ళు తెరిచింది. చెంబు దించి రాతి పలక మీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది.

"ఒరే యుగంధరా. ఆ ఎర్ర లైటేటి? ఇదంతా తీసేసినావేటి?"

"ఆపమన్నారమ్మా, కానీ... ఆపలేదమ్మా."

"చెరిపెయ్," అన్నాడు మోహనకృష్ణ. "ఇప్పుడే చెరిపెయ్. ఎవరికైనా చూపించావో..."

"సెరిపితే సెయ్యి ఇరగ్గొడతాను," అంది జగ్గమ్మ.

మోహనకృష్ణ తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "అమ్మా, రెండు వేల కవర్లమ్మా. రథసప్తమికి ఎనిమిది రోజులే ఉన్నాయి. రోడ్డున పడిపోతామమ్మా."

ఆవిడ వాడి మాట వినిపించుకోలేదు. రాతి పలక మీద కూర్చుంది. నలభై ఏళ్ళుగా ఇంటిల్లిపాదికీ పొడేసిన చోటు అదే.

"ఒసే సుహాసినీ. నిన్న ఆ డాక్టరు దగ్గర ఇంకో గొట్టం తెచ్చి కొంగులో ముడేసుకున్నావు. నాను సూడనేదనుకున్నావేటి?"

సుహాసిని చెయ్యి దానంతటదే కొంగు మీదకి పోయింది.

"తియ్యి," అంది జగ్గమ్మ. గొంతులో కోపం అలాగే ఉంది, ఒక్క పిసరు తగ్గలేదు. అయితే కళ్ళలో నీళ్ళు నిలిచాయి.

షాపు వైపు నుంచి ఎవరో ఆడమనిషి కేకేసింది. "జగ్గమ్మా! ఓ జగ్గమ్మా! మా మనవరాలికి పళ్ళొచ్చినాయి. ఇయ్యాల నుంచి నీ పొడే మొదలెడతన్నాం. ఓ పేకెట్టియ్యమ్మా!"

మోహనకృష్ణ తలెత్తాడు. సుహాసిని ముడి విప్పుతూ ఆగింది.

జగ్గమ్మ కోడలి ముందు అరచెయ్యి చాపింది.